బట్టతలకు మందా, శస్త్రచికిత్సయా?



నేటి ప్రసంగవిషయము విని పెద్దలు కొందరు నవ్వుకొనవచ్చును. అరువదేండ్లు దాటినవానికి తలవెండ్రుకల చింత యేల యని వారి భావము. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితములు చదివినవారందరును, ఎండకు తాళలేక తాటినీడ చేరి, పండు నెత్తిన పడి తల పగిలిన ఖల్వాటుని ఎరుగుదురు. నాడు బట్టతల దైవహతునికి ఉదాహరణము మాత్రమే. నేడది పెండ్లిచూపుల విషయమును, అప్పుపత్రముల విషయమును అయినది. ఆ సొమ్ము ఇచ్చువారు మీరే కనుక మీతోనే చెప్పదలచితిని.

మా మండవల్లి ప్రాంతమున చేపల చెరువులు సాగుచేయు నా పూర్వశిష్యుడొకడు వచ్చి, "మాస్టారూ, మావాడు పెళ్ళికి ముందే తలమీద జుట్టు నాటించుకుంటానంటున్నాడు. పట్టుబడి డబ్బు చేతికొచ్చింది. ఇమ్మంటారా?" అని అడిగెను. పిల్లవానికి 23 ఏండ్లు. ముందు చర్మవైద్యునికి చూపుమనియు, నాటు మాట ఏడాది గడచిన పిమ్మట తలపెట్టుమనియు చెప్పితిని. అట్లేల చెప్పితినో వివరించెదను.

వెండ్రుకలు రాలుట యంతయు నొకటే రోగము కాదు. మన వైద్యగ్రంథములు సైతము ఖలతిని, ఇంద్రలుప్తమును వేరువేరుగ చెప్పినవి. మనము పేనుకొరుకుడు అనునది పేల వలన వచ్చునది కాదు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి వెండ్రుక మూలములపై పడుట. టైఫాయిడు, డెంగీవంటి జ్వరములు తగ్గిన రెండు మూడు నెలలకును, స్త్రీలకు ప్రసవానంతరమును జుట్టు విపరీతముగ రాలును. అది చాలమట్టుకు తనంతట తానే మరల వచ్చును. రక్తహీనత, థైరాయిడు దోషము కలవారికి వాని చికిత్సయే జుట్టుకును చికిత్స. ఇట్టివారికి తల నాటించుట సొమ్ము నీళ్ళపాలు చేయుటయే.

ఇక అసలు బట్టతల. కణతల వద్దను, నడినెత్తిని మొదలై, వెనుకను ప్రక్కలను అంచు మిగిల్చి వ్యాపించునది. పురుషులలో నుండు టెస్టోస్టిరాన్ అను రసము మరియొక తీక్ష్ణరూపము దాల్చి, వంశక్రమమున దానికి లొంగు స్వభావముగల నెత్తిమీది మూలములను క్రమముగ కృశింపజేయును. ఈ లక్షణము తల్లివైపునుండియు తండ్రివైపునుండియు వచ్చును గాన మేనమామ నొక్కనినే నిందింపబనిలేదు. బోరునీటి ఉప్పు వెండ్రుకను పెళుసు చేయునేమో గాని బట్టతలను తేజాలదు. ద్వారకా తిరుమలలో తలనీలాలిచ్చిన పిల్లవానికి మరల జుట్టు వచ్చుట కత్తి మహిమ కాదు. మంగలికత్తి మూలమును తాకదు. మూలమెట్లున్నదో మొలకయు నట్లే యుండును.

మందులు ప్రధానముగ రెండు. చిత్రమేమనగా రెండును వేరు రోగములకు పుట్టినవే. మినాక్సిడిల్ రక్తపుపోటు మాత్ర. వాడినవారికి ఒంటినిండ వెండ్రుకలు మొలచుట చూచి తలకు పూయు ద్రవముగ మార్చిరి. 1988లో అమెరికా ప్రభుత్వము దానిని అంగీకరించెను. ఫినాస్టెరైడ్ 1992లో ప్రోస్టేటు గ్రంథి వాపునకు వచ్చి, 1997లో తక్కువ మోతాదున బట్టతలకు అనుమతి పొందినది. ఇది పైజెప్పిన తీక్ష్ణరసము పుట్టుటను తగ్గించును. ఫలము కనబడుటకు నాలుగైదు నెలలు పట్టును. మినాక్సిడిల్ తొలివారములలో రాలుట హెచ్చినను భయపడరాదు. మానివేసిన కొన్ని నెలలకు లాభము పోవును. ఫినాస్టెరైడ్ వలన కొందరికి దాంపత్యశక్తి తగ్గును. పెండ్లికొడుకు కాబోవువానికి ఈ మాట దాచరాదు. గర్భిణులు ఆ మాత్ర పొడిని తాకనే కూడదు. మినాక్సిడిల్ పిల్లులకు విషము. పిల్లి తిరుగు ఇంట సీసాయు, మందు పూసిన తలయు, తలదిండును దానికి అందకుండ చూడవలయును.

శస్త్రచికిత్స మాటకు వత్తము. 1939లో జపానున ఒకుడా అను వైద్యుడు మచ్చపడిన చోట్ల వెండ్రుకలు నాటెను. 1952లో న్యూయార్కున ఓరెన్‌ట్రైక్ అను వైద్యుడు బట్టతలకు చేసి, వెనుకభాగపు వెండ్రుక ఎక్కడ నాటినను తన స్వభావము మానదని చూపెను. రైతులకిది సుబోధము: నారుమడినుండి పెరికి పొలమున నాటుటయే. భేదమొక్కటే. మన నారుమడిలో మరల విత్తనము చల్లవచ్చును. తలవెనుక నారుమడిలో పెరికినచోట మరల మొలవదు. శస్త్రము క్రొత్త వెండ్రుకను పుట్టింపదు, ఉన్నదానిని చోటు మార్చును. నాటినది మొదటి నెలలోనే చాలవరకు రాలి, మూడు నాలుగు నెలలకు మొలకెత్తును. పూర్తిఫలమునకు ఏడాది కావలయును.

23 ఏండ్లవానికి తొందర తగదనుట యిందుకే. నాటినది నిలుచును, దాని వెనుక సహజముగ నున్నది రాలుచునే యుండును. పదేండ్లకు ముందరి జుట్టు కొల్లేటి నడుమ లంకవలె మిగులును. అప్పటికి నారుమడి తరిగిపోయి యుండును. కాబట్టి నాటించుకొనినవానికిని మందు తప్పదు. మందుతో రాలుట నిలిచి, ఎంతమేర పోవునో తేలిన పిమ్మట నాటు ఆలోచింపవచ్చును. పాతికేండ్లు దాటి చాలకాలమై, నెత్తి నున్నగ నయినవానికి మాత్రము మందు చేయగలది స్వల్పము. నారుమడి బాగుగ నున్నచో అట్టివానికి శస్త్రమే తగును.

ఎవరిచేత చేయించవలయును? 2016లో చెన్నపట్టణమున ఈ చికిత్స చేయించుకొనిన యువకుడొకడు మరణించెను, అతడే వైద్యవిద్యార్థి. 2022లో జాతీయ వైద్య కమిషను, శిక్షణపొందిన రిజిస్టర్డు వైద్యుడే దీనిని చేయవలయుననియు, వీడియోలు చూచి నేర్చినది శిక్షణ కాదనియు మార్గదర్శకములు వెలువరించినది. సెలూనులో బేరము కుదిరినదని పంపకుడు. కత్తిపట్టువారెవరు, మత్తుమందు వికటించినచో ఊపిరి నిలుపు సాధనము లక్కడ నున్నవా, అని మీరే వెళ్ళి అడుగుడు. అడిగినందుకు విసుగుకొను చోట చేయింపకుడు.

కడపట మీ వయసువారికొక మాట. ప్రోస్టేటు వాపునకో, జుట్టునకో ఫినాస్టెరైడ్ వాడుచున్నవారికి పి.ఎస్.ఏ. అను రక్తపరీక్షలో అంకె ఇంచుమించు సగమునకు తగ్గి కనబడును. లోపల దోషమున్నను తెలియకపోవచ్చును. ఏలూరుననో విజయవాడననో రక్తము తీయించుకొనునపుడు ఆ మాత్ర పేరు వైద్యునికి ముందే చెప్పవలయును.