పొలముల యొద్ద ట్యాంకులకు వచ్చు డీజిలు కొలతను రైతులు పరీక్షించుకొను విధము
(రైతుల సభలో చదివిన యుపన్యాస పాఠము)

పట్టాదారులైన రైతు మహాశయులారా!

కళ్లములో ధాన్యము కొలుచునప్పుడు మీలో నెవ్వరును కన్ను మూయరు. కుంచము తల కొట్టి కొలిచిరా, రాశిగా కొలిచిరా యని యిచ్చువాడును పుచ్చుకొనువాడును దగ్గఱ నిలిచి చూతురు. లాభము, రెండు, మూడు అని యందఱు వినునట్లు లెక్క సాగును. ఇంతటి జాగ్రత్త గల రైతులే, పొలము వద్ద ట్యాంకులోనికి వందల లీటర్ల డీజిలు దిగుచుండగా, బండివాడు చూపిన యంకెను నమ్మి రసీదుపై దస్కత్తు చేయుచున్నారు. ధాన్యము కంటి యెదుట కుంచము నుండి జాఱును. డీజిలో, మూసిన బండి నుండి మూసిన గొట్టము గుండ మూసిన ట్యాంకులోనికి పోవును. కంటికి కనబడునది మీటరుపై నంకె యొక్కటియే. ఆ యంకె సరియో కాదో రైతు తనంతట తాను తెలిసికొను విధమును విన్నవించుట యీ యుపన్యాసము నుద్దేశము.

ట్రాక్టరును, వరికోత యంత్రమును గల రైతులకు పని కాలమున డీజిలు పొలముననే యుండవలసి వచ్చుచున్నది. 2018వ సంవత్సరము నుండి మన దేశమున చమురు కంపెనీలు మీటరు గల ట్యాంకరు బండ్లలో డీజిలును కొనువాని చెంతకే పంపు పద్ధతిని ప్రారంభించినవి. ఇది మంచి సౌకర్యమే. అయినను బండి వచ్చినప్పుడెల్ల 15 లీటర్లు తక్కువ దిగినదనుకొందము. ఏటికి 10 మార్లు తెప్పించు రైతునకు 150 లీటర్లు పోవును. లీటరు 95 రూపాయలని యెంచినచో 14,250 రూపాయలు నష్టము.

ధనము కంటె మించిన నష్టము మఱియొకటి గలదు. ట్యాంకులో డీజిలు తగ్గినదని వారము దినముల తరువాత తెలిసినచో, కొఱత బండి యొద్ద కలిగినదో, ట్యాంకు కాఱుటచే కలిగినదో, ఇంటివారి వాడకముచే కలిగినదో తేల్చు సాధనముండదు. అప్పుడు నేరము బలహీనునిపై పడును. ట్యాంకుకు కావలి యుండు జీతగాడు నింద మోయును. లేదా సరిగా కొలిచి పోసిన బండివాడు దొంగ యనిపించుకొనును. కావున కొలత చూచుట మోసమును పట్టుకొనుటకే గాక, నిర్దోషిని కాపాడుటకును అవసరము.

కొలకఱ్ఱ

ఇందుకు కావలసిన పనిముట్టు ఒక కొలకఱ్ఱ. బంకులలో దీనిని డిప్ రాడ్డు అందురు. సెంటీమీటర్లును మిల్లీమీటర్లును స్పష్టముగా గల తిన్నని కఱ్ఱ గాని యిత్తడి కడ్డీ గాని చాలును. ట్యాంకు సమతలమైన దిమ్మెపై నుండవలెను. కఱ్ఱను ఎల్లప్పుడు ఒకే రంధ్రమున, నిలువుగా, అడుగు తాకువఱకు దింపి, తీసిన వెంటనే తడిసిన యంచును చదువవలెను. ఒకసారి చూచి విడువక రెండవసారి చూచి, రెండును సరిపోయినచో వ్రాసికొనవలెను. ట్యాంకు అడుగున నీరు చేరియున్నచో కఱ్ఱ దానిని గూడ డీజిలుగనే చూపును. నీరు తగిలిన చోట రంగు మాఱు లేపనమొకటి బంకులలో వాడుదురు. దానిని కఱ్ఱ కొనకు పూసి చూచినచో నీటి లోతు తెలియును.

ట్యాంకు ఆకారమునుబట్టి లెక్క

పెట్టె యాకారము గల ట్యాంకునకు లెక్క సులభము. 125 సెంటీమీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 100 సెంటీమీటర్ల యెత్తు గల ట్యాంకులో 1000 లీటర్లు పట్టును. ఎత్తున ప్రతి సెంటీమీటరునకు 10 లీటర్లు. బండి రాకమునుపు కఱ్ఱ 12 సెంటీమీటర్లు చూపి, 500 లీటర్లు పోసినచో, 62 సెంటీమీటర్లు చూపవలెను.

నిలువుగా నుంచిన గుండ్రని పీపా గూడ ఇట్లే సమముగా నిండును. లోపలి యడ్డుకొలత 57 సెంటీమీటర్లయినచో సెంటీమీటరునకు సుమారు రెండున్నర లీటర్లు.

అడ్డముగా పరుండబెట్టిన పీపా విషయములోనే పలువురు పొరబడుదురు. అందు సగము ఎత్తునకు సగము డీజిలుండుట నిజమే గాని, పాతిక ఎత్తునకు పాతిక వంతుండదు. 200 లీటర్ల పీపాలో పదవ వంతు ఎత్తున 20 లీటర్లుండునని తోచును. ఉండునవి 10 మాత్రమే. పాతిక ఎత్తున 50 కాదు, 39 లీటర్లు. ముప్పాతిక ఎత్తున 150 కాదు, 161 లీటర్లు. ఈ భేద మెఱుగక ఖాళీ పీపాలో 39 లీటర్లు పోయించుకొనిన రైతు, పాతిక ఎత్తు చూచి 50 లీటర్లు వచ్చినవని సంతోషించును. అదే రైతు సగము నుండి ముప్పాతికకు నింపించుకొన్నచో, 61 లీటర్లు వచ్చియున్నను 50 అని తలచి బండివానితో తగవునకు దిగును.

ఇట్టి ట్యాంకునకు లెక్క కట్టుటకంటె గుఱుతులు పెట్టుకొనుట మేలు. ట్యాంకు క్రొత్తదిగా నున్నప్పుడే, ప్రభుత్వ ముద్ర గల 20 లీటర్ల కొలపాత్రతో నీరు పోయుచు, ప్రతి పాత్రకును కఱ్ఱపై గీటు పెట్టవలెను. పిమ్మట నీటిని పూర్తిగా తీసి, బాగుగా ఆఱిన తరువాతనే డీజిలు పోయవలెను. ఈ పని ఒక్క దినము పట్టును, ట్యాంకు ఉన్నంత కాలము పనికివచ్చును.

బండి వచ్చినప్పుడు

డీజిలు దిగుచుండగా ట్యాంకు నుండి ట్రాక్టరునకు తీయకూడదు. గొట్టము పెట్టకముందే కఱ్ఱ దింపి కొలత వ్రాసికొని, బండివానికి గూడ చూపవలెను. తరువాత మీటరును చూడవలెను. దానిపై తూనికలు కొలతల శాఖవారి సీసపు ముద్ర తెగక యుండవలెను, గడువు దాటక యుండవలెను. ముద్రయందు పరీక్షించిన సంవత్సరమును, సంవత్సరమున ఏ పాదమో తెలుపు గుఱుతును ఉండును. మీటరుపై నంకె సున్న యయిన పిదపనే పోయుట ప్రారంభింపవలెను.

శంక యున్నచో ముద్ర గల 5 లీటర్ల పాత్రలో పోసి చూపుమని యడుగవచ్చును. బంకులోని పంపునకు 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వఱకు భేదము ఒప్పుకొనబడినది, అనగా నూటికి అరలీటరు. అయితే యీ పరీక్ష యొక్కటియే చాలదు. మీటరు సరిగా నున్నను కొఱత కలుగు మార్గములు రెండు గలవు.

మొదటిది గొట్టము. మీటరు దాటిన డీజిలు గొట్టము గుండ ట్యాంకునకు రావలెను. లోపలి యడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, పొడవు 30 మీటర్లు గల గొట్టములో సుమారు 15 లీటర్లు పట్టును. పోయుటకు ముందు గొట్టము ఖాళీగా నున్నచో, ఆ 15 లీటర్లు మీటరుపై పడును గాని మీ ట్యాంకులో పడక గొట్టములోనే నిలిచిపోవును. గొట్టము ముందే నిండియుండి, ముగిసిన తరువాతను నిండియే యున్నచో ఇరువురకును నష్టము లేదు. కాబట్టి సున్న పెట్టకమునుపు గొట్టము నిండియున్నదా యని యడిగి, చేతితో నెత్తి దాని బరువును చూడవలెను.

రెండవది గాలి. బండిలో డీజిలు అడుగంటినప్పుడు పంపు గాలిని గూడ లాగును. గాలిని వేఱుచేయు సాధనము బాగుగా లేనిచో మీటరు గాలిని సైతము డీజిలుగా లెక్కించును. గొట్టము ఎగిరెగిరి పడుట, కొన వద్ద బుసబుసమని నురుగుతో చిమ్ముట దీని గుఱుతులు. అప్పుడు పోయుట నాపించి, మీటరు అంకెను వ్రాసికొని, కఱ్ఱ దింపి చూడవలెను.

దస్కత్తునకు ముందు

పోయుట ముగిసిన తరువాత నురుగు అణగుటకు పది నిమిషములు ఆగి కఱ్ఱ దింపవలెను. వచ్చిన కొలతను రసీదుపై వ్రాసి, అటుపిమ్మటనే దస్కత్తు చేయవలెను. కోతల తొందరలో రాత్రి వేళ బండి వచ్చినప్పుడు, కొలత నేర్పని జీతగానిచే దస్కత్తు చేయించుట మంచిది కాదు. కొలుచు విధము వానికి నేర్పుడు. నేర్చినవాడు మీ సొమ్మును కాపాడును, తన పేరును కాపాడుకొనును.

భేదము కనబడినంతనే కేక వేయకూడదు. పైన చెప్పిన పెట్టె ట్యాంకులో మిల్లీమీటరునకు ఒక లీటరు. కఱ్ఱ చదువుటలో రెండు మూడు మిల్లీమీటర్లు తప్పిపోవుట సహజము. మీటరునకు ఒప్పుకొనబడిన భేదము 500 లీటర్లకు రెండున్నర లీటర్లు. ఈ రెండును కలిపి అయిదాఱు లీటర్ల వఱకు తగవు పెట్టుకొనదగినది కాదు. 62 సెంటీమీటర్లకు 61.7 వచ్చినచో బండి సరియైనదే. 60 వచ్చినచో 20 లీటర్లు కొఱత, అది యడుగదగినది. అయిదాఱు లీటర్లే యయినను, ప్రతి మాఱు తక్కువవైపుననే వచ్చుచున్నచో అదియు నడుగదగినదే. నిజమైన పొరబాటు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోవును.

వేడిమి చేయు పని

డీజిలు వేడికి ఉబ్బును, చల్లదనమునకు కుదియును. వేయి లీటర్లకు ఒక డిగ్రీ సెల్సియసు మార్పున సుమారు 0.8 లీటరు భేదించును. ఎండలో తిరిగిన బండి నుండి 45 డిగ్రీల వేడితో డీజిలు దిగి, ట్యాంకులో 620 లీటర్లయి, ఉదయమునకు 30 డిగ్రీలకు చల్లారినచో, ఎవ్వరును ముట్టకయే ఏడెనిమిది లీటర్లు తగ్గినట్లు కఱ్ఱ చూపును. ఇది దొంగతనము కాదు. పోసిన వెంటనే చూచిన కొలత బండివానితో లెక్కకు, ఉదయపు కొలత మీ ఇంటి లెక్కకు అని గుర్తుంచుకొనుడు. ఈ ఉబ్బుట కొఱకే ట్యాంకును అంచు వఱకు నింపక కొంత ఖాళీ విడువవలెను.

పీపాలలో తెచ్చుకొను రైతులు తూకముచే గూడ పరీక్షింపవచ్చును. లీటరు డీజిలు రకమునుబట్టి, వేడినిబట్టి సుమారు 800 మొదలు 840 గ్రాములు తూగును. కావున ఖాళీ పీపా బరువు తీసివేసిన పిదప 200 లీటర్లకు 160 మొదలు 168 కిలోలు రావలెను. 160కి బాగుగా తగ్గినచో శంకింపవలెను.

ఇంటి లెక్కయు, ఫిర్యాదును

ట్యాంకు వద్ద ఒక పుస్తకముంచి, వచ్చినది, ఏ యంత్రమునకు ఎంత తీసినది, ప్రతి యుదయమున కఱ్ఱ చూపినది తేదీతో వ్రాయుచుండవలెను. బండి కొలత సరిపోయి దినదినము తగ్గుచున్నచో లోపము మీ ట్యాంకులోనో వాడకములోనో యున్నది. పోసిన వెంటనే చూచిన కొలతయే తక్కువైనచో లోపము బండిది. ఈ పుస్తకమే రెంటిని వేఱుచేయు సాక్షి.

కొఱత నిశ్చయమైనచో రసీదుపై భేదమును వ్రాసి, బండి నంబరు, వేళ, చూచిన సాక్షుల పేర్లు చేర్చి, అమ్మినవానికి మొదట తెలుపవలెను. వారు సరిదిద్దనిచో జిల్లాలోని తూనికలు కొలతల శాఖవారికి వ్రాయవచ్చును. 2009వ సంవత్సరపు లీగల్ మెట్రాలజీ చట్టము ప్రకారము తక్కువ కొలిచి యిచ్చుట శిక్షార్హము. వినియోగదారుల జాతీయ సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై ఫోను చేయవచ్చును.

చట్టమున రైతుకును ఒక విధి గలదు. 1934వ సంవత్సరపు పెట్రోలియం చట్టమున డీజిలు బి తరగతికి చేరినది. ఏ పాత్రయు 1000 లీటర్లకు మించక, మొత్తము 2500 లీటర్లకు మించక యున్నంతవఱకే లైసెన్సు లేకుండ నిలువ చేయవచ్చును. కొలత చూచునప్పుడు బీడీ కాల్చరాదు. ట్యాంకులోనికి చూచుటకు అగ్గిపుల్ల వెలిగింపరాదు. మనిషి లోపలికి దిగరాదు.

చెప్పినదంతయు సంగ్రహముగా నిది:

1. బండి పోయకముందు ఒక కొలత, పోసి నురుగు అణగిన పిదప ఒక కొలత, మఱునాటి యుదయమున మొదటి వాడకమునకు ముందు ఒక కొలత.
2. ముద్ర, సున్న, గొట్టము, గాలి, ఈ నాలుగింటిని చూడవలెను.
3. రెండవ కొలత వ్రాయక దస్కత్తు చేయకూడదు.
4. కొద్ది భేదమునకు తగవు, పెద్ద భేదమునకు మౌనము రెండును కూడవు.

కొలకఱ్ఱకు అయ్యెడు ఖర్చు అల్పము. దానిని మూడుమార్లు దింపుటకు పట్టునది కొద్ది నిమిషములు. రాబోవు కోతల కాలమునకు ముందే మీ ట్యాంకునకు గుఱుతులు పెట్టుకొని, పుస్తకము తెఱచి, ఇంటనున్న పిల్లలకును జీతగాండ్రకును ఈ పద్ధతి నేర్పవలయునని ప్రార్థించుచు ఇంతటితో విరమించుచున్నాను.