నాదము – గణనయంత్రము: జాన్ చౌనింగుగారి చరిత్రము

(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ప్రసంగము)



ఈ గోష్ఠియందు సంగీతవిద్యను గూర్చి ప్రసంగింపుమని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. మంగళవాద్యము వంశవృత్తిగా గల మన కులమువారి సభలో సన్నాయిని గూర్చియో, డోలును గూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. నేనట్లు చేయక అమెరికాదేశస్థుడైన యొక సంగీతాచార్యుని చరిత్రమును విన్నవింపదలచితిని. పెండ్లిపందిళ్లలో మన మేళములకు బదులుగా కీబోర్డులను మీటలపెట్టెలు వచ్చి కూర్చున్నవని నిన్నటి చర్చలో పలువురు వాపోయిరి. అట్టి పెట్టెలలో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన యొకదానికి మూలమైన సూత్రమును కనిపెట్టినవారు జాన్ చౌనింగుగారు. ఆయన కథ మనకు వినదగినది.

చౌనింగుగారు 1934లో న్యూజెర్సీ రాష్ట్రమందలి సేలము పట్టణమున జన్మించిరి. మన దక్షిణదేశపు సేలమని భ్రమింపకుడు. బాల్యమున వయొలిను నేర్చి, పిదప తాళవాద్యములను చేపట్టి, నౌకాదళమువారి సంగీతశాలలో శిక్షణ పొందిరి. మన డోలు విద్వాంసులకు ఆయనను వరుసకు బంధువనిన తప్పులేదు. 1959లో విటెన్‌బర్గు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, పారిసునగరమున నాదియా బులాంజేగారికడ మూడేండ్లు స్వరరచన నభ్యసించిరి. ధ్వనివర్ధకములద్వారా వినిపించు నూతన విద్యుత్సంగీతము వారి చెవిని బడినది అచ్చటనే. స్వదేశమునకు మరలి స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమున చేరగా, అట్టి సంగీతమునకు వలయు పరికరములు అచ్చట లేకుండెను.

1963లో బెల్ ప్రయోగశాలకు చెందిన మాక్సు మాథ్యూసుగారు ‘సైన్సు’ పత్రికయందొక వ్యాసము ప్రకటించిరి. శబ్దములను అంకెల రూపమున కంప్యూటరుచే పుట్టింపవచ్చుననియు, సిద్ధాంతరీత్యా దానికి హద్దు లేదనియు దాని సారము. మరుసటియేట ఆ వ్యాసము చౌనింగుగారి చేతబడెను. వారు ఇంజనీరింగు చదివినవారు కారు. అయినను ముప్పదియవయేట ప్రోగ్రామింగు నేర్చుకొని, మాథ్యూసుగారిని దర్శించి, చిల్లులు పొడిచిన కార్డులపెట్టె నొకదానిని తెచ్చుకొనిరి. ఆ కార్డులమీది ప్రోగ్రామును స్టాన్‌ఫోర్డు యంత్రముపై నడపించుటకు తోడ్పడినవాడు డేవిడ్ పూల్ అను విద్యార్థి. వాద్యబృందమున ట్యూబా యను పెద్దకొమ్ము నూదువాడు. తనకంటె చిన్నవానికడ కూర్చుండి నేర్చుకొనిన ఆ వినయము, నా మట్టుకు, ఆయన ప్రతిభకన్నను మెచ్చదగినదిగా తోచుచున్నది.

1967లో జరిగిన సంగతిని మన పరిభాషలో చెప్పినచో సులభముగా బోధపడును. సన్నాయిపై కంపితగమకము పలికించునపుడు స్వరము సెకనునకు ఐదారుమారులు పైకిని క్రిందికిని ఊగును. చెవి దానిని ఊపుగానే గుర్తించును. చౌనింగుగారు యంత్రముపై ఇట్టి ఊపునే పరీక్షించుచు దాని వేగమును, విస్తారమును పెంచుచు పోయిరి. వ్రేలికిగాని గొంతునకుగాని సాధ్యముకాని వేగము, సెకనునకు నూరుమారులు, అంతకు మించి, రాగానే ఊపు మాయమై క్రొత్త నాదము పుట్టెను! ఒక శుద్ధస్వరమును మరియొక శుద్ధస్వరము ఊపినంతమాత్రమున అనేకములైన ఉపస్వరములతో నిండునాదము వచ్చినది. ఆ రెండింటి కంపనసంఖ్యలు 1:1, 1:2 వంటి నిష్పత్తిలో నున్నచో వాద్యమువలె శ్రుతిబద్ధముగ పలుకును, 1:1.4 వలె నున్నచో గంటవలె మ్రోగును. అంతకుముందు ఇట్టి నాదమునకు అనేక ధ్వనిజనకములు వలసియుండగా, ఇప్పుడు రెండు చాలినవి. ఈ గణితమును రేడియో ఇంజనీర్లు ముందే యెరుగుదురు. కాని వారికది వార్తలను మోసికొనిపోవు బండి. దానియందు నాదమున్నదని వినినది సంగీతజ్ఞుని చెవి.

1972లో ‘టురేనాస్’ అను కృతిని రచించి, నాలుగు ధ్వనివర్ధకములనడుమ నాదము శ్రోతలచుట్టును తిరుగునట్లు చేసిరి. మరుసటి సంవత్సరము, అనగా 1973లో, తమ సూత్రమును ధ్వని ఇంజనీర్ల పత్రికలో ప్రకటించిరి. ఆ సంవత్సరముననే విశ్వవిద్యాలయము వారికి స్థిరోద్యోగమును నిరాకరించినది! సంగీతమువారికిది యంత్రవిద్యగను, యంత్రవిద్యవారికిది పాటగను కనబడియుండవచ్చును. అమెరికాలోని ఆర్గను కంపెనీలును ఆ సూత్రమును వలదనినవి. జపానుదేశపు యమహా కంపెనీ దాని విలువ గ్రహించి హక్కులు తీసికొనెను. అటుపై విశ్వవిద్యాలయము ఆయనను మరల పిలిపించెను. 1975లో వారును, సహచరులును అచ్చట కంప్యూటరు సంగీత పరిశోధనాకేంద్రమును స్థాపించిరి. స్వరకర్తలు, ఇంజనీర్లు, మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఒకే కప్పుక్రింద కూర్చుండి పనిచేయు పాఠశాల అది. 1983లో యమహావారి డీఎక్స్ 7 అను వాద్యము వెలువడి 1,00,000కు మించి అమ్ముడుపోయెను. ఆ హక్కులవలన స్టాన్‌ఫోర్డునకు చేరిన ధనము 2 కోట్ల డాలర్లకు పైమాట.

ధనము వచ్చినను ఆయన స్వరరచనను మానలేదు. 1977లో సువర్ణనిష్పత్తియైన 1.618పై ‘స్ట్రియా’ను, 1981లో ‘ఫోనే’ను రచించిరి. ఈ రెండవదానివెనుక నొక చిత్రమైన సంగతి గలదు. యంత్రముచే గాత్రమును పలికింప యత్నించినపుడు ఉపస్వరములన్నియు సరిగా నున్నను గొంతు వినబడలేదు. వానియన్నిటికిని ఒకేరీతిగా సూక్ష్మమైన కంపమును చేర్చగనే అవి కలిసిపోయి గాయని కంఠము ప్రత్యక్షమయ్యెను. మన తాతలు ఊపిరితో నేర్పిన పాఠమును యంత్రమునకును నేర్పవలసివచ్చెనన్నమాట. 1996లో వారు అధ్యాపకత్వమునుండి విరమించిరి.

ఇక మన యింటిమాట. మన విద్యానిధి నిబంధనల ప్రకారము వేతనము వైద్యము, ఇంజనీరింగు, న్యాయశాస్త్రము చదువువారికే. ఒక సన్నాయి విద్వాంసుని కుమార్తె సంగీతమును, శబ్దశాస్త్రమును కలిపి చదువగోరి దరఖాస్తు పంపగా, ఏ గడియందును ఇమడలేదని త్రోసివేయబడినది. వృత్తిని విడిచిననే గౌరవమని మనలో కొందరి మతము. ఆ మాటయందు బాధ యున్నది. పందిట మంగళధ్వని వినిపించి, పంక్తికి వెలుపల భుజించిన పెద్దల నెరిగినవారు ఆ మాట ఊరక అనలేదు. అయినను వృత్తిని విడుచుట వేరు, విద్యను విడుచుట వేరు. శ్రుతి పట్టువాని స్థానమును ఇప్పటికే శ్రుతిపెట్టె ఆక్రమించినది. మీటలపెట్టెలో స్వరము నూపుటకు ప్రక్కన నొక చక్రమమర్చిరి. దానిపై మన తోడి గమకములు పలికించుట ఎంత కష్టమో వాయించినవారికి తెలియును. ఆ కొరత యేమిటో చెవికి తెలిసిన బిడ్డలు మన యిండ్లలోనే యున్నారు.

విద్యానిధి నిబంధనలలో సంగీతమును, తత్సంబంధశాస్త్రములను చేర్పవలెనను తీర్మానము రేపు ఉదయము మీ ముందునకు వచ్చును. దానిని నేను మనఃపూర్వకముగా బలపరచుచున్నాను.