ద్రాక్షతోటల మధ్య బీరు
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలయ్యాక కునుకు పట్టే వేళకి నన్ను పిలిచి, వైన్ సీమలో బీరు గురించి చెప్పమన్నారు నిర్వాహకులు. "పిల్లలుంటారు, కాస్త చూసి మాట్లాడండి" అని చెవిలో కూడా వేశారు. పిల్లలుంటేనే మంచిది. మన పిక్నిక్కుల్లో కారు డిక్కీ తెరిచి, కాగితం గ్లాసుల్లో పోసుకుని, ఎవరైనా ఇటు వస్తుంటే "కోక్" అని చెప్పే తతంగాన్ని పిల్లలు ఎప్పుడో కనిపెట్టేశారు. ఇక దాచడానికి ఏముంది?

నేను చెప్పబోయేది యార్రా లోయ సంగతి. మెల్బోర్న్ నుంచి తూర్పుగా గంట ప్రయాణం. విక్టోరియాలో మొదటి ద్రాక్షతీగలు 1838లో రైరీ సోదరులు అక్కడి యేరింగ్‌లో నాటారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ద్రాక్ష పోయి పాడి పశువులొచ్చాయి. మళ్ళీ 1960ల తర్వాత ద్రాక్ష తిరిగొచ్చింది. ఇండియా నుంచి చుట్టాలొస్తే మనం తీసుకెళ్ళి ఫొటోలు తీసేది ఆ తోటల్లోనే.

అలాంటి చోట బీరుకేం పని? వైన్ చేసేవాళ్ళే నవ్వుతూ చెప్పే మాట ఒకటుంది: మంచి వైన్ చేయాలంటే బోలెడు బీరు కావాలట. కోతల కాలంలో రోజంతా ద్రాక్షరసంతో చేతులు జిగురై, ఒళ్ళు అలిసినవాడికి సాయంత్రం మళ్ళీ ద్రాక్షరసమే ఇస్తే ఏం రుచిస్తుంది? ఫిల్ సెక్స్‌టన్ అనే ఆయన కథ చూడండి. 1980లలో పడమటి తీరాన ఫ్రీమాంటిల్‌లో మటిల్డా బే బ్రూవరీ మొదలుపెట్టినవాళ్ళలో ఆయనొకరు. మార్గరెట్ రివర్‌లో ద్రాక్షతోటా వేశారు. యార్రా లోయకొచ్చి వైనరీ పెట్టారు. 2021లో అదే మటిల్డా బే పేరుతో హీల్స్‌విల్‌లో బ్రూవరీ తెరిచారు. అప్పటికి ఆ పేరు అసాహి అనే పెద్ద కంపెనీ చేతిలో ఉంది. సీసా మీది బొమ్మ చూసి "చిన్నవాళ్ళు, పాపం" అనుకోకండి, ఎవరిదో అడగండి.

నిజంగా చిన్నవాళ్ళూ ఉన్నారు. 2004లో స్టీల్స్ క్రీక్‌లో ఒక జంట హార్‌గ్రీవ్స్ హిల్ అనే బ్రూవరీ పెట్టారు. 2009 ఫిబ్రవరి 7న, 173 మందిని బలిగొన్న కార్చిచ్చులో అది బూడిదైంది. లిల్లీడేల్‌లో మళ్ళీ కట్టుకున్నారు. అదే ఏడాది హీల్స్‌విల్‌లో వైట్ రాబిట్ అనే బ్రూవరీ వచ్చి, 2015లో జీలాంగ్ వెళ్ళిపోయింది. అక్కడ పనిచేసిన ఇద్దరు ఊరు వదలలేక వాట్స్ రివర్ పేరుతో సొంతంగా పెట్టుకున్నారు.

హీల్స్‌విల్ దగ్గర కొరాండర్క్ అనే చోటుంది. చాలామంది కారాపకుండా దాటిపోతారు, నేనూ పదేళ్ళు అలాగే దాటిపోయాను. 1863లో ఆదివాసులను ఉంచడానికి ప్రభుత్వం ఏర్పాటు చేసిన స్థలమది. 1870లలో ఉరుంజెరి ప్రజలు, వాళ్ళతోపాటు చేరిన ఇతర తెగలవాళ్ళు అక్కడ హాప్స్ పండించారు. బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పూలే హాప్స్. గుంజల మీదికి పాకే తీగ, మన తమలపాకు తోటలా ఉంటుంది చూడటానికి. 1881లో మెల్బోర్న్ అంతర్జాతీయ ప్రదర్శనలో ఆ హాప్స్‌కు మొదటి బహుమతి వచ్చింది. పంట వాళ్ళది, డబ్బు మీద పెత్తనం బోర్డుది. కూలి సరిగా ఇవ్వమని, భూమి లాక్కోవద్దని వాళ్ళ నాయకుడు విలియం బరాక్, తోటివాళ్ళు మెల్బోర్న్ దాకా నడిచి వెళ్ళి అర్జీలిచ్చారు. ఆ ఏడాదే విచారణ జరిగింది. 1924లో కొరాండర్క్‌ను మూసేశారు. 1998లో కొంత నేల వాళ్ళ వారసుల చేతికి తిరిగొచ్చింది. ఈ లోయలో బీరు కొత్త ఫ్యాషన్ అని ఎవరైనా అంటే నాకు ఆ హాప్స్ తోటే గుర్తొస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కథ మీకు తెలుసు. అక్షరదీపం చదువులతో రాజుకున్న నిప్పది. మా ఊళ్ళో చీపుళ్ళు పట్టుకుని రోడ్డెక్కినవాళ్ళలో మా అమ్మ ఉంది. అంతకు రెండేళ్ళ ముందే మా మేనమామను సారా తినేసింది. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే పాకెట్లలో పోసి పంపిన సారా అది. 1993లో సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. మా ఇంట్లో మాత్రం సడలింపు రాలేదు.

అలాంటి అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు, ఒక ఆదివారం లోయలో తిరుగుతుంటే వాన పట్టుకుంది. దగ్గరలో కనిపించిన పైకప్పు ఒక టాప్‌రూమ్‌ది. బీరు కాచేచోటే పోసి ఇచ్చే హాలన్నమాట. అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల పిల్లలు రంగుపెన్సిళ్ళతో బొమ్మలేస్తున్నారు, ఒక ముసలాయన కుక్కను కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకుని పేపరు చదువుతున్నాడు. వాన పెరిగింది, లోపలికొచ్చింది. ఆమెకు నిమ్మ సోడా తెచ్చాను. నేనూ అదే తాగాను.

కాసేపటికి ముక్కెగరేసి, "అబ్బయా, ఇది రాగుల వాసన కదా?" అంది. అప్పుడు కాచే అబ్బాయిని పిలిచి అడిగాం. బార్లీని నానబెట్టి మొలకెత్తించి, మొలక సాగకముందే వేడిగాలికి ఆరబెట్టినదే మాల్టు. మన పిల్లలకు జావ కాచే రాగి మాల్టుదీ దాదాపు అదే పద్ధతి. దాన్ని నలగ్గొట్టి అరవై అయిదు డిగ్రీల నీళ్ళలో గంటసేపు ఉంచితే తీపి దిగుతుంది. వడకట్టి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలిపితే, ఏల్ రకమైతే వారంలో పులుస్తుంది. ద్రాక్షవాడికి ఏడాదికొకటే పంట, తప్పుపోతే ఏడాది ఆగాలి. ఇతను వచ్చేవారం మళ్ళీ కాచుకుంటాడు.

అమ్మ అంతా విని, "మా చిన్నప్పుడు కల్లూ చెట్టుకిందే తాగేవాళ్ళు. గీసినవాడు ఎదురుగా ఉండేవాడు. పొద్దున దించింది సాయంత్రానికి పులిసిపోయేది. సారా ఎవడు కాచాడో, ఏం కలిపాడో మీ మామకేం తెలుసు?" అంది. నేను చెప్పాలనుకున్నదంతా ఆమే చెప్పేసిందని సంబరపడుతున్నాను. అంతలోనే, "మరి ఇక్కడ తాగి పెళ్ళాల్ని కొట్టేవాళ్ళు లేరా?" అని అడిగింది. ఉన్నారని చెప్పక తప్పలేదు. పిల్లలు బొమ్మలేసుకునే హాలు బాగుంటే మనిషి బాగుంటాడని లేదు. ఒంటరిగా గదిలో డబ్బా మీద డబ్బా ఖాళీ చేసే మన కుర్రాళ్ళను నేను చూశాను, మీరూ చూసే ఉంటారు. వాళ్ళకు టాప్‌రూమ్ మందు కాదు, మనిషి తోడు కావాలి. ఇంటికి పిలిచి అన్నం పెట్టండి.

బయల్దేరేముందు ఆమె ఇంకో ప్రశ్న వేసింది, ఆ పిప్పి ఏం చేస్తారని. పక్క డైరీ ఆవులకు వేస్తారట. మత్తెక్కదా అంటే, పులియకముందే వడకడతాం గనక ఎక్కదన్నాడు. "అది మాత్రం బాగుంది" అని, మా పెరటి కరివేపాకు మొక్కకని సంచెడు అడిగి తెచ్చుకుంది.

రేపు లోయకు వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. అక్కడ చెక్కపలక మీద నాలుగైదు చిన్న గ్లాసులు పెట్టి ఇస్తారు. ఇద్దరికి ఒక పలక చాలు, ముందు ఏదైనా తినండి. ఇక్కడి వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన హద్దు వారానికి పది స్టాండర్డ్ డ్రింకులు, ఒక్కరోజులో నాలుగు. స్టాండర్డ్ డ్రింకంటే పది గ్రాముల ఆల్కహాలు. ఘాటైన బీరైతే ఒక్క గ్లాసులోనే రెండు, అంతకు మించి కూడా ఉండొచ్చు. పూర్తి లైసెన్సు ఉన్నవాళ్ళకు రక్తంలో 0.05 లోపు ఉండాలి, ఎల్, పీ పలకలున్న పిల్లలకు సున్నా. కారు ఎవరు నడుపుతారో ఇంటి దగ్గరే తేల్చుకోండి. ఆ నడిపేవాళ్ళకు నిమ్మ సోడా మీరే కొనిపెట్టండి.