మా వ్రాత, మా పనిముట్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



వ్రాసేటప్పుడు మేము ఏ కలం పట్టుతాము, ఏ వేళ కూర్చుంటాము అన్నది చెప్పమని సంఘం వారు అడిగారు. ఇందులో సభకెక్కవలసినంత విషయం ఏముందని మొదట సందేహించాము. కాని తమిళనాట ఉండి తెలుగు వ్రాసేవారికి పనిముట్టును బట్టి భాష కూడా మారిపోతూ ఉంటుంది. అందుకనే ఒప్పుకున్నాము.

మొదటి ప్రతి చేతితోనే వ్రాస్తాము. అదీ తెల్లవారుజామున. ఒకసారి వీధిలోకి వెళ్ళి వచ్చామంటే నాలుక మీద తమిళం వచ్చి కూర్చుంటుంది. ఆ తరువాత తెలుగు వాక్యం ఒక పట్టాన సాగదు. కాగితాన్ని నిలువుగా మడిచి కుడి సగంలో వ్రాసి, ఎడమ సగాన్ని దిద్దుబాట్లకు వదిలిపెడతాము.

మా కలం రాజమహేంద్రవరపు రత్నం కలం. స్వదేశీ దీక్షతో కె. వి. రత్నంగారు 1932లో మొదలుపెట్టిన కలాలివి. 1935లో గాంధీజీ వీటిని మెచ్చుకొని జాబు వ్రాశారు. ఎబొనైటు కడ్డీని లేతు మీద తిప్పి చేతితో తయారు చేస్తారు. సిరా ఫిల్లరుతో పోసుకోవాలి. వేళ్ళకు మరక తప్పదు. అయినా పాళీ మెత్తగా తిరిగితే మన గుండ్రని అక్షరాలకు ఎంత హాయి! తాటాకు చిరగకుండా గంటం తిప్పవలసి వచ్చి అక్షరం గుండ్రమైందని పెద్దలంటారు. ఆ తెలుగు తాటాకులు తంజావూరు సరస్వతీ మహలులో ఉన్నాయి. అటు వెళ్ళినవారు గుడి చూసి తిరిగి రాకుండా అవి కూడా చూసి రావాలి.

సాపు ప్రతి మాత్రం కంప్యూటరు మీదనే. 1991లో యూనికోడు తెలుగుకు చోటిచ్చింది. అది వాడుకలోకి వచ్చాక ఇక్కడ కొట్టిన అక్షరం షోలాపూరులోను, బరంపురంలోను అదే అక్షరంగా కనబడుతున్నది. అంతకు ముందు ఒక ఫాంటులో కొట్టినది మరొక యంత్రంలో పిచ్చిగీతలై వచ్చేది.

మేము వాడేది ఇన్‌స్క్రిప్టు మీటల వరుస. ఎడమచేతికి అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడిచేతికి హల్లులు. క, పొల్లు, ష వరుసగా నొక్కితే క్ష. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి సులువే, వాడేవారిని తప్పు పట్టము. కాని అందులో చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. తొందరలో మరిస్తే 'కళ' కాస్తా 'కల' అయి కూర్చుంటుంది. పైగా ళ ఎట్లా వ్రాయాలో తెలియకుండానే పిల్లవాడు తెలుగు జాబు ముగించేస్తాడు!

ఫోనుతో ఇంకొక చిక్కు. మన ఇళ్ళలో 'ఉండాది', 'వచ్చుండాడు' అంటాము. ఫోను ఊరుకోదు, 'ఉంది', 'వచ్చాడు' అని తానే అందిస్తుంది. ఆ సలహాలు రాకుండా మేము ఆపివేశాము. అవ్వ అన్నమాట అవ్వ అన్నట్టే పడాలి.

2021లో కాలధర్మం చెందిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. మనవారు దక్షిణాదికి వలస వచ్చిన కథను ఆయన 'గోపల్ల గ్రామం' పేరుతో తమిళంలో వ్రాశారు. తమిళానికి అది గొప్ప లాభం. మన అవ్వలు తెలుగులో చెప్పిన కథను మనం తమిళంలో చదువుకుంటున్నాము.

కనుక వచ్చే సంచికకు ఇంటికొక పుట కోరుతున్నాము. ఇంట్లో పెద్దవారు చెప్పే ఏ మాటైనా సరే, పిల్లలచేత వ్రాయించి, పైన ఊరు, తేదీ వేయించి పంపండి. టైపు చేయనక్కరలేదు, ఆ పని మేము చూసుకుంటాము. పెన్సిలైనా ఫరవాలేదు.