పెద్ద కారు, చిన్న ఇంజను

పెద్ద కారునకు పెద్ద ఇంజను ఉండవలెననుటను చాలకాలము ఎవరును ప్రశ్నింపలేదు. కారు పొడవు అయిదు మీటర్లు, బరువు దాదాపు రెండు టన్నులు అయినప్పుడు బానెట్టు క్రింద ఎనిమిదో పన్నెండో సిలిండర్లు ఉండుట సహజమనియే చేయువారును కొనువారును భావించిరి. అట్టి ఇంజను నిండుకుండ వంటిది, తొణకదు. పెడలుపై పాదము మోపగనే కారు కదలును. వెనుక సీటులో కూర్చున్నవారికి ఎక్కడనో ఒక యంత్రము పనిచేయుచున్నదన్న స్పృహయే కలుగదు. విలాసపు కారునకు చెల్లించు మూల్యములో పెద్దభాగము ఈ నెమ్మదికే చెల్లుచున్నదని మా అభిప్రాయము. ఇప్పుడు అట్టి కార్లలోనే రెండు లీటర్ల ఇంజనులు, నాలుగే సిలిండర్లు గలవి, అమర్చుచున్నారు. ‘ఇంత ధర పోసి కొన్నదానిలో ఇంత చిన్న ఇంజనా?’ అని కొనువారు అడుగుట న్యాయమే. ఆ ప్రశ్ననే నేడు మనము పరిశీలింతము.

ఇంజను బలము పెట్రోలులో ఉన్నదని మనము సామాన్యముగా అనుకొందుము. నిజమునకు చిక్కంతయు గాలితోనే. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు, తూకమున చూచినచో, పదునాలుగు పాళ్లకు మించిన గాలి కావలెను. పెట్రోలును ఎంతయైనను చిమ్మవచ్చును. అంత గాలిని సిలిండరులోనికి తెచ్చుటయే కష్టము. అందుచేతనే పూర్వులు సిలిండర్లను పెంచిరి. కాని కమ్మరి ఏమి చేయును? కొలిమిని పెద్దది చేయడు, తిత్తిని గట్టిగా ఊదును. టర్బోఛార్జరు అనునది ఆ తిత్తియే. విశేషమేమనగా దానిని ఊదుటకు వేరే మనిషి అక్కరలేదు. ఇంధనము మండగా పుట్టిన వేడిలో దాదాపు మూడవవంతు పొగగొట్టము గుండ వృథాగా పోవుచుండును. ఆ పోవు పొగయే ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసుపై రెండవ కొసనున్న చక్రము బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి త్రోయును. అరచేతిలో ఇముడు ఈ చక్రములు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును. సైకిలు పంపు కొట్టునప్పుడు గొట్టము వేడెక్కుట మనమెరిగినదే. అట్లే అదిమిన గాలియు వేడెక్కును. కావున దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు అను మరియొక సాధనము కావలసివచ్చును. ఈ ఉపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే పేటెంటు పొందెను.

దీనివలన పొదుపు ఎట్లు కలుగును? చదునైన దారిపై గంటకు 80 కిలోమీటర్ల వేగమున సమముగా పోవుచున్న పెద్ద కారునకు 20 అశ్వశక్తి కూడ పట్టదు. ఆ స్వల్పమైన పనికి 500 అశ్వశక్తి గల ఇంజనును త్రిప్పుట, ఇద్దరికి అన్నము వండుటకు పెండ్లివారి గుండిగను పొయ్యి కెక్కించినట్లుండును. పన్నెండు పిస్టనుల రాపిడికే కొంత ఇంధనము ఖర్చగును. చిన్న ఇంజనులో ఈ వ్యర్థము తక్కువ. బలము కావలసిన నాలుగు క్షణములు మాత్రము తిత్తి ఊదుకొనును.

అమెరికాలో 1962లోనే ఓల్డ్స్‌మొబైల్ సంస్థ జెట్‌ఫైర్ అను టర్బో కారును అమ్మినది. ఇంజనులో మంట వేళగాని వేళ ఎగిసి పిస్టనులను గుద్దకుండ, నీరును మిథనాలును కలిపిన ద్రవమును వేరొక తొట్టిలో పోయవలసివచ్చెడిది. తొట్టిని నింపుట యజమానులు మరచిరి. ఆ కారు ఎక్కువకాలము నిలువలేదు. కాని మన విషయమునకు అసలు ఆరంభము 1978లో వచ్చిన మెర్సిడెస్ 300ఎస్‌డి అని మేము చెప్పుదుము. అమెరికా ప్రభుత్వము 1975లో ఒక శాసనము చేసి, ప్రతి సంస్థయు తాను అమ్ము కార్లన్నిటి సగటున 1978 నాటికి గ్యాలనుకు 18 మైళ్లు, 1985 నాటికి 27.5 మైళ్లు చూపవలెనని విధించినది. పెద్ద కార్లనే అమ్ముకొను సంస్థకు ఇది సంకటమే. మెర్సిడెస్ వారు తమ గొప్ప కారులోనే మూడు లీటర్ల అయిదు సిలిండర్ల డీజిలు ఇంజను పెట్టి, దానికి టర్బో తగిలించిరి. టర్బో లేనప్పుడు దాని బలము సుమారు 80 అశ్వశక్తి. తగిలించిన పిదప సుమారు 110. అదే కాలమున అదే ఆకారపు కారును 6.9 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో, 286 అశ్వశక్తితో, యూరపులో అమ్మిరి. రెండింటికిని తొడుగు ఒకటే, స్వభావములు మాత్రము వేరు!

ఆ వంశపు కారులో నాలుగు సిలిండర్లు మొదటిసారి 2011లో చేరినవి. ఎస్250 అను ఆ డీజిలు కారునకు 2143 సి.సి. ఇంజను, వరుసగా పనిచేయు రెండు టర్బోలు, 204 అశ్వశక్తి. నూరు కిలోమీటర్లకు 5.7 లీటర్లు చాలునని పరీక్షలో తేలినది. ఇక్కడను శాసనమే ప్రేరకము. 2015 నాటికి కార్ల నుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు సగటున కిలోమీటరునకు 130 గ్రాములు మించరాదని యూరపు 2009లో నిర్ణయించినది. చైనాలో 2008 నుండి ఇంజను పరిమాణమును బట్టి పన్ను: రెండు లీటర్ల ఇంజనునకు నూటికి 5, నాలుగు లీటర్లు దాటిన 40. ఇంత తేడా ఉన్నచోట ఇంజను చిన్నదగుటలో వింతయేమి?

ఇక లోపములు. పొగ బలముగా రానిదే తిత్తి ఊదదు. పెడలు నొక్కుటకును కారు ఉరుకుటకును నడుమ ఒక చిన్న విరామము ఏర్పడును. దీనిని ఇంజనీర్లు టర్బో లాగ్ అందురు. రెండవది కంపము. ఆరు సిలిండర్లు వరుసగా నున్న ఇంజనులో పిస్టనుల ఊపులు ఒకదానికొకటి చెల్లిపోవును. నాలుగింటిలో అట్లు కాదు, కొంత అదురు మిగిలిపోవును. దానిని అణచుటకు ఎదురు తిరుగు ఇరుసులు రెండు కావలెను. మెర్సిడెస్ డీజిలులో అవి ఉన్నవి. అయినను ఉదయమున చల్లని ఇంజను లేచునప్పటి గరగర ధ్వని విలాసపు కారునకు శోభనీయదు. మూడవది అన్నిటికంటె ముఖ్యము. టర్బో పెట్రోలు ఇంజనును గట్టిగా పరుగెత్తించినప్పుడు, వేడి తగ్గించుటకు అవసరమునకు మించిన పెట్రోలు చిమ్మవలసివచ్చును. అప్పుడు పొదుపు ఎక్కడిది? యూరపు పాత పరీక్షలో సున్న నుండి 50 కిలోమీటర్ల వేగమునకు చేరుటకు 26 సెకనులు ఇచ్చెడివారు. ఎడ్లబండిని దాటుటకైనను ఎవరైన అంత మెల్లగా నడుపుదురా? చిన్న ఇంజను ఆ పరీక్షలో రాణించినది. దారిపై అంత రాణింపలేదు. 2017లో కఠినతరమైన పరీక్ష అమలులోనికి వచ్చిన పిదప ఈ అంతరము కొంత తగ్గినది.

పరిమాణమును బట్టి మంచిచెడ్డలు తీర్పుట ఎంత చిత్రముగా పరిణమించునో మన దేశముననే చూచితిమి. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతమున 2000 సి.సి., అంతకు మించిన డీజిలు కార్ల నమోదును ఆపినది. మనము చెప్పుకొన్న 2143 సి.సి. ఇంజను కార్లు 143 సి.సి. చేత ఆగిపోయినవి. రెండు లీటర్లకు రవంత తక్కువగా ఇంజను చేసి అమ్మినవారును ఉన్నారు. 2016 ఆగస్టులో, ధరపై నూటికి ఒకటి చొప్పున రుసుము విధించి, నిషేధము తొలగించిరి. పొగ ఎంత వచ్చునన్నది వేరు, సిలిండరు ఎంతయన్నది వేరు. చట్టమునకు రెండవదానిని కొలుచుట సులభము.

ఈ లోపములను దిద్దుటకు పలువురు పలువిధముల యత్నించిరి. వోల్వో వారు 2016 నాటి ఎస్90లో నాలుగు సిలిండర్లకు మించి ఇవ్వనేలేదు. బలమైన రకములో ఇంజను తానే త్రిప్పు గాలిపంపును ఒకదానిని టర్బోకు తోడుగా చేర్చి, ఆ విరామమును పూరించిరి. బి.ఎం.డబ్ల్యు. వారు అదే సంవత్సరము 740ఇలో రెండు లీటర్ల ఇంజనునకు విద్యుత్ మోటారును జతచేసి మొత్తము 326 అశ్వశక్తి తెచ్చిరి. ఇది మాకు ఎక్కువ నచ్చినది. కదలు వేళ మోటారు లాగును, అటుపిమ్మట ఇంజను అందుకొనును. మెర్సిడెస్ వారు 2017లో తమ పెద్ద కారునకు వరుస ఆరు సిలిండర్ల ఇంజనును తిరిగి తెచ్చి, దానికి టర్బోతో పాటు విద్యుత్తుతో తిరుగు గాలిపంపును సమకూర్చిరి. నాలుగు చాలునన్నచోట ఆరునకు మరలుటలో అర్థమున్నది. మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు, ఒక మంచి టర్బో ఉన్నచో పొదుపునకును నెమ్మదికిని రాజీ కుదురును. అంతకంటె చిన్నదైనచో విద్యుత్తు తోడులేక రెండు టన్నుల కారును ఒప్పుకొనుట మాకు కష్టముగా నున్నది.

కొనదలచినవారు అమ్మువారి లెక్కలతో తృప్తిపడక, ఉదయము ఇంజను చల్లగా నున్నప్పుడు పోయి చూడవలెను. నలుగురిని కూర్చుండబెట్టి, ఏ.సి. వేసి, 40 కిలోమీటర్ల వేగమున పోవుచు ఒక్కసారి పెడలు నొక్కి చూచునది. యజమాని వెనుక కూర్చుండువాడైనచో అతడు వెనుకనే కూర్చుండి వినవలెను. నూనె మార్చు గడువును దాటనీయరాదు. లక్ష చుట్లు తిరుగు ఇరుసు పలుచని నూనెపొరపైననే తేలుచుండును. పాత టర్బో కారైనచో, దూరప్రయాణము ముగిసిన వెంటనే తాళము త్రిప్పక, ఇంజనును ఒకటి రెండు నిమిషములు మెల్లగా తిరుగనిచ్చి అటుపిమ్మట ఆపవలెను. లేనిచో ఆ నూనె అక్కడనే మాడి బొగ్గగును.