పాత పికప్‌కు ముందు బుష్‌లు



మనలో కొందరు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో పాత పికప్ కొని కూరగాయలో పాలో తోలిస్తున్నారు. "ముందు లొడలొడమంటోంది, బ్రేకు వేస్తే పక్కకు లాగుతోంది" అని నన్ను అడుగుతుంటారు. ముందు ఇరుసుకు కమాన్ కట్టలున్న బండైతే నేను మొదట చూసేది వాటి బుష్‌లనే. కట్ట కొసన చుట్టలో ఉండే రబ్బరు అరిగితే ఇరుసు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, స్టీరింగు మాట వినదు. టైర్ల ఖర్చు సరే, లోడుతో దిగుడులో ఉంటే ప్రాణం మీదికొస్తుంది. చుట్ట దగ్గర గడ్డపార ఆనించి కదిపితే ఖాళీ తెలిసిపోతుంది.

మార్చేటప్పుడు వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు ఉంచాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరడం ఈ వయసులోనే కాదు, ఏ వయసులోనూ వద్దు. పాత బుష్ తుప్పుపట్టి రాకపోతే ప్రెస్సు దగ్గరికి పంపండి. రబ్బరుకు గ్రీజు పూయకండి, ఉబ్బి చెడుతుంది. సబ్బు నీళ్లు చాలు. గ్రీజు నిపుల్ ఉన్న లోహపు బుష్‌ల సంగతి వేరు, వాటికి గ్రీజే ప్రాణం.

అసలు మాట ఇది. చాలామంది చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దిగగానే కట్ట సాగుతుంది, లోపలి రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. బండి బరువంతా చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. దగ్గర నిలబడి చేయించండి. రెండు పక్కలా ఒకేసారి మార్చండి. నాలుగు రోజులు నడిచాక నట్లు మళ్లీ చూసుకోండి.

అరిగిన బుష్ ఒకటి తెచ్చాను. బల్ల మీద ఉంది, భోజనాల తర్వాత చూడండి.