తివాచీలమీద చెర్రీతోట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రష్యా దేశపు నాటకకర్త ఆంటన్ చెఖోవ్ రచించిన 'చెర్రీతోట' ఒక అప్పుల కథ. ఇందు యుద్ధము లేదు, హత్య లేదు. తనఖాలో నున్న ఒక ఎస్టేటునకు ఆగస్టు 22వ తేదీన వేలము జరుగనున్నది. ఆ తేదీ ఇంటివారి కందరకును తెలియును. తెలిసియు నెవ్వరును కదలరు.

ఇంటి యజమానురాలు రనేవ్‌స్కయా. ఆమె అన్న గాయెవ్. వారికి హితవు చెప్పువాడు లొపాఖిన్ అను వర్తకుడు. వాని తండ్రి, తాత ఆ యెస్టేటులోనే కట్టుబానిసలు. అతడు చెప్పిన ఉపాయము తేటయైనది. రైలుమార్గము దగ్గరకు వచ్చినది, ప్రక్కనే నది గలదు. తోట కొట్టివేసి, భూమిని ముక్కలుగా విభజించి, వేసవి యిండ్లకు కౌలు కిచ్చినచో దెస్యతీనాకు ఏడాదికి 25 రూబుళ్లు వచ్చును. మొత్తముమీద 25,000 రూబుళ్లకు తక్కువ కాదు. ఈ రెండంకెలను భాగించి చూచినచో కౌలు భూమి వేయి దెస్యతీనాలని, అనగా సుమారు 2,700 ఎకరములని తేలును. చెఖోవ్ వైద్యుడే గాని లెక్కలో తప్పలేదు.

దీనికి గాయెవ్ ఇచ్చిన సమాధాన మేమి? నూరేండ్ల నాటి పుస్తకముల బీరువా నుద్దేశించి ఉపన్యాస మిచ్చుట! పెంపుడు కూతురు వార్యా పొదుపునకై అందరకును పాలచారు పోయుచుండగా, రనేవ్‌స్కయా దారిని పోవు బాటసారికి బంగారునాణె మిచ్చివేయును. అప్పులపాలైన పెద్దయిండ్ల తీరు ఏ దేశమందైనను ఒక్కటియే.

1904 జనవరిలో మాస్కో ఆర్ట్ థియేటరువారు దీనిని ప్రథమముగా నాడిరి. దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ నిజమైన యింటిని తలపించునట్లు రంగము నలంకరించి, పక్షుల కూతలు మొదలుకొని సమస్తమును వినిపించెను. చెఖోవ్ మాత్రము సంతోషింపలేదు. తాను ప్రహసనము వ్రాయగా వారు కన్నీటి నాటక మొనర్చిరని యాతని ఫిర్యాదు. పండ్రెండు నిమిషములలో ముగియవలసిన చివరి యంకమును నలువది నిమిషములు సాగదీయుచున్నారని భార్యకు జాబు వ్రాసెను. ఆ జులైలోనే ఆయన కన్నుమూసెను.

1981లో పీటర్ బ్రూక్ అను ఆంగ్ల దర్శకుడు ఇదే నాటకమును పారిస్ నగరములో, బూఫ్ ద్యు నోర్ అను పాతనాటకశాలలో, ఫ్రెంచి భాషలో ప్రదర్శించెను. అనువాదకుడు జాఁ క్లోద్ కారియేర్. ఆ శాల 1876లో కట్టినది. చాలకాలము మూతబడి యుండగా బ్రూక్ 1974లో తెరపించెను. రంగు లూడిన గోడలకు మరల సున్నము వేయింపలేదు. ఆ గోడలే రనేవ్‌స్కయా యిల్లైనవి. చిత్రించిన తెరలు లేవు, చెట్లు లేవు. నేలమీద తివాచీలు పరచి, రెండు మూడు సామానులతో, నడుమ విరామము లేక నాటకమును నడపిరి.

తివాచీ యేల? 1972–73లో బ్రూక్ తన నటులతో ఆఫ్రికా గ్రామములు తిరుగుచు, వీధిలో తివాచీ పరచి, చుట్టును చేరిన జనులకు ఆటలాడి చూపెను. తివాచీమీద నున్నది నాటకము, వెలుపల నున్నది లోకము. వీధిభాగవతము చూచిన మన పెద్దలకు ఇందు వింత లేదు. రెండు చేతులు పట్టిన తెర తొలగినంతనే సత్యభామ యంతఃపురము వెలసిన తావు లివి.

అయినను ఈ పద్ధతికి లోపము లేకపోలేదు. ఇంటివారు పోగొట్టుకొనుచున్న వైభవ మెట్టిదో కంటికి కానరాదు. కాని మూడవ యంకము వచ్చుసరికి ఆ లోపమే గుణ మగును. అది వేలమునాడు. ఇంట మేళము వాయించుచుండ విందు, నృత్యము. లొపాఖిన్ పట్టణమునుండి తిరిగివచ్చును. "ఎవరు కొనిరి?" "నేను కొంటిని." అప్పుమీద మరి 90,000 రూబుళ్లు పాడినాడు. తన తండ్రితాతలకు వంటింటిలోనికైనను ప్రవేశము లేని యెస్టేటు తనదైనది. సామగ్రి నిండిన గదిలో చూపరుల దృష్టి పోవు వస్తువుల మీదికి ఏ బీరువాయో, ఏ దీపస్తంభమో కూడ చేరును. వట్టి నేలమీద నున్నవి రెండు ముఖములే: కొన్నవానిది, పోగొట్టుకొన్న దానిది. అతని యానందమును ద్వేషింపలేము. ఆమె కన్నీటిని పరిహసింపలేము. ప్రహసనమా, విషాదమా యను తగవు అచ్చట నిలువదు.

రనేవ్‌స్కయాగా బ్రూక్ భార్య నటాషా ప్యారీ, లొపాఖిన్‌గా నీల్స్ ఆరెస్ట్రప్ నటించిరి. 1988లో ఆంగ్లములో అమెరికాలోని బ్రూక్లిన్ నగరభాగమునను దీనిని ప్రదర్శించిరి. అచ్చటి శాలను అంతకుముందు సంవత్సరమే బాగుచేసిరి. బాగుచేయుట యనగా, పారిస్ శాలవలె గోడలు పాతబడినట్లే యుంచుట! అది మహాభారత ప్రదర్శనమునకై జరిగినది. 1985లో ఆవిన్యోఁలో తొమ్మిది గంటల మహాభారతమును ఆడించినది ఈ బ్రూక్, కారియేరులే. తోట వేలము చూచిన వెనుక వారు ద్యూతసభకు వచ్చుట కాకతాళీయము కావచ్చును. ఆ సభయందును భీష్మద్రోణాదులకు జరుగబోవున దేమో తెలియును, కూర్చుండియే యుండిరి.

చివరి యంకమున అందరును బండ్లెక్కి పోవుదురు. ఎనుబదియేడేండ్ల ముదుసలి సేవకుడు ఫీర్స్‌ను ఆసుపత్రికి పంపితిమని ఒకరి నొకరు నమ్మి, ఇంటికి తాళము వేయుదురు. వాడు లోపలనే యున్నాడు. తన జీవితము జీవింపకయే గడచిపోయినదని గొణుగుకొనుచు పరుండును. రంగముమీద తోట ఎన్నడును కనబడలేదు. గొడ్డలి దెబ్బలు మాత్రము వినబడును.